లెక్కల తరగతిలో రాయని నియమాలు

ఉన్నత విద్యలో కుల ప్రశ్న వచ్చినప్పుడల్లా మన చర్చ సీటు దగ్గర మొదలై సీటు దగ్గరే ముగుస్తుంది. ఎవరికి ఎంత శాతం, ఏ ర్యాంకుకు ఏ కళాశాల అన్న వాదప్రతివాదాల్లోనే దశాబ్దాలు గడిచిపోయాయి. ఆ పోరాటం అనవసరమని ఎవరూ అనలేరు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు రిజర్వేషన్ల ఉత్తర్వును కొట్టివేయకపోతే, దానికి జవాబుగా మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) అధికరణం చేరకపోతే, నేడు మన గ్రామాల నుంచి కళాశాలకు వెళ్లే బస్సుల్లో ఇంతమంది దళిత, వెనుకబడిన కులాల పిల్లలు ఉండేవారు కాదు. అయితే సీటు దక్కిన విద్యార్థి తరగతి గదిలో అడుగుపెట్టాక ఏమవుతున్నారన్న ప్రశ్నను మాత్రం మనం దాదాపుగా వదిలేశాం. ఆ ప్రశ్నకు జవాబు దొరికే చోటు ఒకటుంది. అది డిగ్రీ తొలి ఏడాదిలో ఎదురయ్యే ప్రాథమిక గణితం తరగతి.

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలను తీసుకుందాం. మూడింటిలోనూ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. అవి యోగి వేమన విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. కులాన్ని నిలదీసిన కవి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం అది. ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారం ఉంది, మగ్గాలున్నాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టూ బండల గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. పులివెందుల వైపు చీనీ, అరటి తోటలు, తుమ్మలపల్లె యురేనియం గని ఉన్నాయి. ఈ పనులన్నిటిలో కూలీలుగా, నేతగాళ్లుగా, గుమాస్తాలుగా ఉన్నవారి పిల్లలకు ప్రభుత్వ కళాశాలే దిక్కు. వారిలో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివారు.

ఈ పిల్లలకు గణితం ఎక్కడ తెగిపోయిందో చూడాలి. ఇంటర్మీడియట్‌లో సీఈసీ, హెచ్ఈసీ తీసుకున్నవారి చదువులో గణితం ఒక సబ్జెక్టుగా లేనే లేదు. చాలాకాలం బైపీసీలోనూ అంతే. అంటే పదో తరగతి పరీక్ష రాసిన రోజే లెక్కల పుస్తకం మూతపడింది. రెండేళ్ల తర్వాత డిగ్రీలో అది మళ్లీ తెరుచుకుంటుంది. బి.కాం.లో గణాంకశాస్త్రంగా వస్తుంది, బి.ఏ. అర్థశాస్త్రంలో సగటులు, సూచీ సంఖ్యలుగా వస్తుంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21లో తెచ్చిన పాఠ్యప్రణాళికలో ‘అనలిటికల్ స్కిల్స్’ పేరుతో జీవన నైపుణ్య కోర్సుగానూ వచ్చింది. 2023–24లో సింగిల్ మేజర్ విధానం వచ్చాక భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల వైపు వెళ్లినవారికి ఆ శాస్త్రాల ఆవశ్యకాలు మొదటి సెమిస్టరులోనే మొదలయ్యాయి. దీనికి తోడు 2021–22 నుంచి డిగ్రీ చదువు ఆంగ్ల మాధ్యమంలోకి మారింది. ఆంగ్లం బహుజనులకు అక్కర్లేదనే వాదన మాది కాదు. ఆ వాదన చేసేవారి పిల్లలు ఎక్కడ చదువుతారో అందరికీ తెలిసిందే. కానీ భాష, లెక్క రెండూ ఒకేసారి కొత్తవైనప్పుడు విద్యార్థి తడబడితే, ఆ తడబాటును తెలివితక్కువతనంగా నమోదు చేయడం అన్యాయం.

ఇక నియమాల దగ్గరకు వద్దాం. ప్రతి కోర్సుకూ హాజరు నియమం, అంతర్గత మార్కులు, అసైన్‌మెంట్లు, సెమిస్టరు చివరి పరీక్ష, తప్పితే సప్లిమెంటరీ ఉంటాయి. కాగితం మీద ఇవన్నీ అందరికీ సమానమే. కులం పేరు ఎక్కడా కనిపించదు. కానీ ఈ నియమాలలో సగం మాత్రమే రాతలో ఉంటాయి. మిగిలిన సగం సీనియర్ల నోట, ట్యూషన్ గదుల్లో, స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర తిరుగుతుంటాయి. అసైన్‌మెంట్ ఒక రోజు ఆలస్యమైతే తీసుకుంటారా? అంతర్గత పరీక్షకు రాలేకపోతే మరో అవకాశం ఉందా? హాజరు తగ్గితే ఎవరికి అర్జీ పెట్టాలి? లెక్కలో చివరి జవాబు తప్పినా మధ్య మెట్లకు మార్కులు వేస్తారా? రీవాల్యుయేషన్‌కు గడువెంత? వీటికి జవాబులు కొందరికి ముందే తెలుసు. వారి అన్నయ్య అదే చదువు చదివాడు, మేనమామ అధ్యాపకుడు, లేదా పొరుగింటాయన కార్యాలయంలో పనిచేస్తాడు. మొదటి తరం విద్యార్థికి ఆ అన్నయ్య లేడు, ఆ మేనమామ లేడు. అడగడానికి స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడటమే వారికి ఒక పరీక్ష.

హాజరు నియమాన్నే చూడండి. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు అనుమతి కష్టం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ అదే షరతు. పులివెందుల నుంచి ఎన్నికైన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో విస్తరించిన ఆ పథకం ఎందరి చదువుకో ఊపిరి పోసింది. కానీ షరతు అమలయ్యే తీరు చూడాలి. అనారోగ్యం వల్ల రాలేకపోయిన విద్యార్థికి వైద్య ధ్రువపత్రం ఒక దారి చూపుతుంది. శనగ కోతల కాలంలో తల్లితో పాటు కూలికి వెళ్లిన అమ్మాయికి, పండుగ బేరం రోజుల్లో బట్టల దుకాణంలో నిలబడిన అబ్బాయికి ఏ ధ్రువపత్రం ఉంటుంది? ఒకరి గైర్హాజరుకు పేరుంది, మరొకరి గైర్హాజరు నిర్లక్ష్యం పద్దులో పడుతుంది. చరిత్రలోనో తెలుగులోనో నాలుగు పాఠాలు పోతే చదువుకుని అందుకోవచ్చు. గణితంలో నాలుగు పాఠాలు పోతే ఐదోది అర్థం కాదు. అందుకే అదే నియమం గణితం తరగతిలో మరింత బరువుగా పడుతుంది.

ఇది ఊహాగానం కాదు. అస్పష్టమైన కోర్సు నియమాలు ఏం చేయగలవో తెలుగు నేల చూసింది. 2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేయడానికి తమిళనాడు నుంచి వచ్చిన దళిత విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. కోర్సు వర్కులో ఒక పేపరు తప్పడం, దాంతో ఫెలోషిప్‌కు ముప్పు రావడం అందుకు ముందున్న పరిణామాలు. ఆ తర్వాత ప్రొఫెసర్ వినోద్ పావరాల నేతృత్వంలో విచారణ జరిపిన కమిటీ, ఆ విభాగంలో కోర్సు వర్కు పద్ధతులు అస్పష్టంగా, నిలకడ లేకుండా ఉన్నట్లు గుర్తించింది. తాము కలిసిన భౌతికశాస్త్ర విద్యార్థులలో ఎక్కువమంది, విభాగం ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ప్రయోజనాలకు వ్యతిరేకంగా వ్యవహరిస్తోందని భావిస్తున్నట్లు నమోదు చేసింది. అక్కడ ఎవరో ఒకరు నిలబడి కులం పేరుతో దూషించారా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. నియమం స్పష్టంగా లేనిచోట నిర్ణయం వ్యక్తి విచక్షణకు చేరుతుంది. ఆ విచక్షణలోకి కులం పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

మూల్యాంకనంపై జరిగిన ఒక అధ్యయనం ఇదే మాట చెబుతోంది. రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే పిల్లల జవాబు పత్రాలపై కులం, వయసు, ఆడా మగా అన్న వివరాలను లాటరీ పద్ధతిలో రాసి ఉపాధ్యాయులతో దిద్దించారు. 2012లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, కింది కులం అని రాసి ఉన్న పత్రాలకు మార్కులు తక్కువ పడ్డాయి. తేడా స్వల్పమే. కానీ అందులో ఎక్కువగా నష్టపోయింది చదువులో ఇప్పటికే వెనుకబడిన కింది కులాల పిల్లలు. ఇంకా ఆలోచించవలసిన విషయం, ఆ తేడా చూపినవారిలో కింది కులాలకు చెందిన ఉపాధ్యాయులే ప్రధానంగా ఉండటం. కాబట్టి మంచి అధ్యాపకులు, చెడ్డ అధ్యాపకులు అంటూ జాబితాలు రాసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. మన బడుల్లో పెరిగిన ఎవరిలోనైనా ఈ తూనిక ఉండవచ్చు. దానికి విరుగుడు, దిద్దేవారి ముందు పేరు లేని పత్రం, ముందే రాసిపెట్టిన మార్కుల విభజన. సెమిస్టరు చివరి పరీక్షలో కోడింగ్ పద్ధతితో పేరు దాస్తున్నాం. అంతర్గత మార్కుల దగ్గర మాత్రం పేరు, ముఖం, ఊరు అన్నీ దిద్దేవారి ఎదుటే ఉన్నాయి.

నియమాల తర్వాత అంతే ముఖ్యమైనది అంచనా. అధ్యాపకుడు విద్యార్థి నుంచి ఏమి ఆశిస్తున్నారు? ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో అంబేడ్కర్‌ను లెక్క చేయమని నల్లబల్ల దగ్గరకు పిలిచినప్పుడు, దాని వెనుక పెట్టుకున్న తమ అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగెత్తి తీసేశారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. నేడు డబ్బాలు తీసేవారు లేకపోవచ్చు. కానీ నల్లబల్ల దగ్గరకు ఎవరిని పిలుస్తున్నారన్న ప్రశ్న అలాగే ఉంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో జరిపిన ప్రయోగంలో, కులం ప్రస్తావన లేనప్పుడు చిక్కుదారి పజిళ్లను అగ్రకులాల బాలురతో దీటుగా పరిష్కరించిన కింది కులాల బాలురు, అందరి ముందూ కులం ప్రకటించాక వెనుకబడిపోయారు. చేతిలో ఉన్న పజిలు అదే, బుర్ర అదే. మారింది, తమ నుంచి ఎదుటివారు ఏమి ఆశిస్తారన్న ఎరుక ఒక్కటే.

తక్కువ అంచనా ఎప్పుడూ చీత్కారం రూపంలోనే రాదు. జాలి రూపంలోనూ వస్తుంది. ‘వీళ్లకు పాస్ మార్కులు వస్తే చాలు’, ‘ఈ ఐదు ప్రశ్నలు బట్టీ పట్టండి, గట్టెక్కుతారు’ అనే మాటలు దయగానే వినిపిస్తాయి. అంతర్గత మార్కులు అందరికీ ఒకే రకంగా వేసి పంపడమూ దయలాగే కనిపిస్తుంది. కానీ ఆ దయకు మూల్యం తర్వాత చెల్లించాల్సి వస్తుంది. బ్యాంకు, రైల్వే, పోలీసు నియామకాల పరీక్షల్లో శాతాలు, నిష్పత్తులు, కాలం–పని లెక్కలు ఎదురైనప్పుడు అక్కడ జాలిపడేవారు ఎవరూ ఉండరు. డిగ్రీ చేతిలో పెట్టి లెక్క చేతిలో పెట్టకపోవడం సీటు నిరాకరించడం కంటే పెద్ద మోసం. సీటు నిరాకరిస్తే కనీసం నిరాకరించారని తెలుస్తుంది.

‘ప్రమాణాలు తగ్గించమంటున్నారా?’ అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. తగ్గించవద్దు. ప్రమాణం తగ్గితే ముందుగా నష్టపోయేది బహుజన విద్యార్థే. మిగిలినవారు కోచింగ్ కేంద్రంలో దాన్ని కొనుక్కోగలరు. పోటీ పరీక్షల మార్కులు కొన్ని వర్గాలకు తరతరాలుగా దక్కిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక అనుకూలతలను ప్రతిబింబించవని, ప్రతిభను సామాజిక సందర్భంలో చూడాలని 2022 జనవరిలో నీల్ ఆరేలియో న్యూన్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు సారాన్ని ప్రవేశాలకే పరిమితం చేయకూడదు. ప్రమాణం ఎంత ఎత్తులో ఉండాలన్నది ఒక ప్రశ్న, అక్కడికి మెట్లు ఎవరు కట్టాలన్నది మరో ప్రశ్న. మన కళాశాలలు మొదటిదాని గురించి మాట్లాడి రెండోదాన్ని ట్యూషన్ మాస్టరుకు వదిలేస్తున్నాయి.

మెట్లు కట్టడం సాధ్యమేనని చెప్పడానికి ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉంది. 2008లో ఇడుపులపాయలో ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ మొదలైనప్పుడు పదో తరగతి ఫలితాల ఆధారంగా గ్రామీణ విద్యార్థులను తీసుకున్నారు. తర్వాత ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారి గ్రేడ్ పాయింట్లకు 0.4 డిప్రివేషన్ స్కోరు కలిపే పద్ధతి వచ్చింది. ఆ 0.4 గురించి అందరికీ తెలుసు, దానిపై గొణుగుడూ ఉంది. ఎక్కువగా చర్చకు రానిది దాని పక్కనున్న మరో ఏర్పాటు. అక్కడ ఇంజనీరింగ్‌కు ముందు రెండేళ్ల పీయూసీ ఉంది, ఆరేళ్ల చదువు ఒకే ప్రాంగణంలో సాగుతుంది. సీటుతో పాటు సమయం కూడా ఇచ్చారన్నమాట. ఆ సంస్థకు ఎన్ని లోపాలున్నా, వెనుకబాటును గుర్తించి దాన్ని పూడ్చడానికి వ్యవధి ఇవ్వాలన్న సూత్రం సరైనది. డిగ్రీ కళాశాల విద్యార్థికి ఆ రెండేళ్లు ఇవ్వలేం. ఆరు వారాలైనా ఇవ్వలేమా?

ఆ ఆరు వారాలు ఎలా ఉండాలో అమెరికా అనుభవం చెబుతుంది. 1970ల చివరలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ నల్లజాతి విద్యార్థులు కలన గణితంలో ఎందుకు తప్పుతున్నారో పరిశీలించాడు. శ్రద్ధ లేకపోవడం, ఇంట్లో ప్రోత్సాహం కరువవడం వంటి వాడుక కారణాలేవీ నిలబడలేదు. వాళ్లు కష్టపడి, కానీ ఒంటరిగా చదువుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు గుంపుగా కూర్చుని, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ చదువుతున్నారు. ట్రైస్‌మన్ ‘వెనుకబడినవారి తరగతి’ అనే ముద్ర వేయకుండా, మామూలుకంటే కఠినమైన లెక్కలిచ్చి కలిసి చేయించే కార్యశాలలు పెట్టాడు. ఫలితాలు మారాయి. మిసిసిపీలో నల్లజాతీయుల ఓటుహక్కు కోసం పోరాడిన బాబ్ మోజెస్ 1980లలో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టి, బీజగణితాన్ని పౌరహక్కుగా చూడమన్నాడు. ఓటు లేనివాడికి రాజ్యంలో చోటు లేనట్లే, గణితం రానివాడికి కొత్త ఆర్థిక వ్యవస్థలో చోటుండదని ఆయన వాదన.

మన పిల్లలకు లెక్క కొత్తదేమీ కాదు. ప్రొద్దుటూరు బంగారు దుకాణంలో తరుగు శాతం కట్టే కుర్రాడికి, మగ్గం మీద పడుగు పోగులు లెక్కపెట్టే ఇంటి అమ్మాయికి, కడప బండను చదరపు అడుగుల్లో కొలిచి అమ్మే చోట పెరిగిన పిల్లవాడికి నిష్పత్తి, శాతం, వైశాల్యం చేతిలో ఉన్నాయి. అవి పాఠ్యపుస్తకం భాషలోకి రావడానికి ఒక వంతెన కావాలి. ఆ వంతెన వేసే పనిలో వారి ఇంటి పనిని అవమానంగా కాక ఉదాహరణగా వాడటం అధ్యాపకుల చేతిలో ఉంది. అలాగని ఉదాహరణ దగ్గరే ఆగిపోకూడదు. తరుగు లెక్క నుంచి బీజగణితానికి, బండ కొలత నుంచి కలన గణితానికి నడిపించాలి.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మొదటిది, ప్రతి గణితం కోర్సు నియమాలను మొదటి వారంలోనే ఒక పేజీలో, తెలుగులోనూ ఆంగ్లంలోనూ అచ్చువేసి ప్రతి విద్యార్థికీ ఇవ్వాలి. హాజరు, ఆలస్యం, మరో అవకాశం, మెట్లవారీ మార్కులు, అర్జీ పెట్టవలసిన అధికారి, గడువు అన్నీ అందులో ఉండాలి. అందులో లేని నియమం ఎవరికీ వర్తించకూడదు. రెండవది, తొలి రోజుల్లోనే మార్కులతో సంబంధం లేని పరీక్ష పెట్టి, ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో తెలుసుకుని ఆరు వారాలు అక్కడి నుంచి బోధించాలి. ఆ తరగతికి ప్రత్యేక ముద్ర వేయకూడదు. అందరూ కలిసి కూర్చోవాలి. మూడవది, అంతర్గత పరీక్ష పత్రాలను పేరు లేకుండా, సంఖ్యతో మాత్రమే దిద్దాలి. నాలుగవది, కూలి, కుటుంబ జీవనాధారం వల్ల వచ్చిన గైర్హాజరును అనారోగ్యంతో సమానంగా చూసి, పోయిన పాఠాలను తిరిగి చెప్పే ఏర్పాటు ఉండాలి. ఐదవది, గణితం అధ్యాపక ఖాళీలను శాశ్వత నియామకాలతో నింపాలి. ఏటా మారే అతిథి అధ్యాపకులతో ఏ నియమమూ నిలవదు.

చట్టం కూడా ఇందుకు అనుకూలంగానే ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం యూజీసీ 2012లో జారీ చేసిన నిబంధనలు, తరగతిలో విద్యార్థుల కులం ప్రకటించడాన్ని, రిజర్వుడు వర్గమని ముద్ర వేయడాన్ని, చదువులో వెనుకబాటుకు కులమే కారణమని అవమానించడాన్ని, అధ్యాపకులను కలిసే సమయంలో తేడా చూపడాన్ని వివక్షగా పేర్కొన్నాయి. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. తమ కళాశాలలో ఆ అధికారి ఎవరో ఈ మూడు పట్టణాల విద్యార్థులలో ఎందరికి తెలుసు? విద్యార్థి సంఘాలు ఉపకార వేతనాల కోసం, హాస్టల్ మెనూ కోసం చేసిన పోరాటాలు గొప్పవి. ఆ వినతిపత్రాల్లో ఇకపై ‘మా లెక్కల కోర్సు నియమాలు రాసి ఇవ్వండి’ అన్న ఒక్క వాక్యం కూడా చేరాలి.

జమ్మలమడుగు ప్రాంతం ఉక్కు కర్మాగారం కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో తెలియనివారు లేరు. 2007లో బ్రహ్మణి స్టీల్స్‌కు, 2018లో కంబాలదిన్నె దగ్గర, 2019లోనూ 2023లోనూ సున్నపురాళ్లపల్లె దగ్గర శంకుస్థాపనలు జరిగాయి. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అంటూ 2019లో రాష్ట్రం చట్టమూ చేసింది. ఏదో ఒక రోజు ఆ కొలిమి వెలుగుతుంది. స్థానికుల లెక్కలో మాల, మాదిగ, చాకలి, మంగలి, బోయ, నేతగాళ్ల పిల్లలూ తప్పక ఉంటారు. వాళ్లు గేటు దగ్గర కాంట్రాక్టు కూలీల వరుసలో నిలబడతారా, లోపల కొలతలు చూసే, ఖాతాలు రాసే, యంత్రాలు నడిపే బల్లల ముందు కూర్చుంటారా అన్నది శంకుస్థాపన శిలాఫలకం తేల్చదు. ఆ నిర్ణయం ఈ విద్యాసంవత్సరం మొదటి నెలలో, లెక్కల తరగతిలో మొదలవుతుంది. అక్కడి నియమాలు రాతలోకి రావాలి, అందరికీ కనిపించాలి.